వీధిలో అందరికీ చెయ్యిచ్చినవాడు

ఆ సాయంత్రం వాన ఎంత గట్టిగా పడిందంటే, వీధిలో ఉన్న జనమంతా కనిపించిన షాపులోకల్లా దూరిపోయారు. చెప్పుల షాపులో దూరినవాళ్ళు మొహమాటానికి చెప్పులు కొన్నారు. మందుల షాపులో దూరినవాళ్ళు లేని జబ్బులకు మందులు కొన్నారు. పాత వీడియోగేములు బాగుచేసే షాపులోకి మాత్రం ఒక్క మనిషే వచ్చింది. అదీ వానకు జడిసి కాదు, పనిమీద.

ఆ షాపతన్ని అందరూ రీసెట్ అంటారు. ఎవరు ఏ మిషన్ తెచ్చినా ముందు "ఒకసారి ఆపి మళ్ళీ పెట్టి చూశారా?" అంటాడు గనక ఆ పేరు. ఒకసారి మేనత్తకు కళ్ళు తిరిగితే, కాసేపు పడుకుని మళ్ళీ లెమ్మన్నాడు. ఆవిడ లేచి వంట కూడా చేసింది. ఆ తర్వాత అసలు పేరు కన్నతల్లి కూడా మర్చిపోయింది.

వచ్చినమ్మాయి గొడుగు మడిచింది. బాగా విదిలించింది. గొడుగులో నీళ్ళన్నీ రీసెట్ మొహానికి చేరాయని చూసుకుని, అప్పుడు అడిగింది.

"ఉక్కు చొక్కా ఉందా?"

"బట్టల షాపు పక్కదండీ," అన్నాడు రీసెట్, మొహం తుడుచుకుంటూ.

"చొక్కా కాదు, గేమ్. టీవీ సీరియల్ మీద వచ్చింది."

"అలా చెప్పండి మరి."

"అలాగే చెప్పాను. మీరే బట్టల్లోకి వెళ్ళారు."

ఉక్కు చొక్కా అనేది ఒకప్పుడు వారం వారం వచ్చిన సీరియల్. ఉక్కు చొక్కాలు తొడుక్కున్న ఇద్దరు స్నేహితులు దుర్మార్గుల్ని వెతికి వెతికి తన్నడం దాని కథ. అది వచ్చే టైముకు దొంగలు కూడా ఇళ్ళకు పోయేవాళ్ళు. వాళ్ళ సొంత ఇళ్ళకు. ఆ సీరియల్ మీద తర్వాత ఓ గేమ్ వచ్చింది. క్యాసెట్ మిషన్లో గుచ్చి, మిషన్ టీవీకి తగిలించి, ఒకళ్ళైనా ఇద్దరైనా ఆడుకోవచ్చు. తెర మీద మాటలన్నీ తెలుగులో రావడం దాని ప్రత్యేకత.

"నేను టీవీ ఆఫీసులో సబ్‌టైటిల్స్ రాస్తాను," అంది ఆ అమ్మాయి. "సీరియల్ మళ్ళీ వేస్తున్నారు. గేమ్ కూడా కొత్త మిషన్లకి మార్చి వదులుతారట. పాత మాటలు చూసి, అవి తీసేసి, కొత్తవి రాయమన్నారు. ఈ ఊళ్ళో అది నడిచేది మీ దగ్గరొక్కటేనట కదా?"

రీసెట్ క్యాసెట్ తీశాడు, నోటితో ఒకసారి ఊదాడు, మిషన్లో పెట్టాడు. ఇద్దరాడే గేమ్ పెట్టి, రెండో రిమోట్ ఆమె చేతికిచ్చాడు. ఆమె ఒళ్ళో లాప్‌టాప్ తెరుచుకుని సిద్ధంగా కూర్చుంది.

తెర మీద 'మొదలు నొక్కు' అని వచ్చింది.

"దేని మొదలు?" అంది.

"స్టార్ట్ బటన్ నొక్కమని."

ఆమె నొక్కింది. నీలం చొక్కా, పసుపు చొక్కా రెండూ వీధిలోకి దిగాయి. పసుపు చొక్కా ఆమెది. రెండడుగులు వేసిందో లేదో, తెర మీద పెద్ద అక్షరాలతో 'బయట చూడు!' అని పడింది. ఆమె వెంటనే తలుపువైపు తిరిగి బయటికి చూసింది. వాన తప్ప ఏమీ లేదు. ఇటు తిరిగేసరికి పసుపు చొక్కాను నలుగురు కలిసి కుమ్ముతున్నారు.

"బయటేముంది?"

"ఏం లేదండీ. వాచ్ అవుట్."

ఆమె కళ్ళు నెమ్మదిగా పెద్దవయ్యాయి. "వాచ్ అంటే చూడు... అవుట్ అంటే బయట..."

ఆ తర్వాత 'యజమానితో గొడవ' అని వచ్చింది. బాస్ ఫైట్. ఆమె పెదవి కొరుక్కుని ఓర్చుకుంది. పసుపు చొక్కా పడిపోయింది. 'ఆట పైన' అని వచ్చింది. గేమ్ ఓవర్.

ఇక ఆపుకోలేక కుర్చీలోంచి జారి కింద కూర్చుని నవ్వింది. ఆ నవ్వుకు అటక మీద ఎన్నేళ్ళుగానో వెలగని టీవీ ఒకటి వెలిగి, కాసేపు చూసి, ఆరిపోయింది. తర్వాత రీసెట్ ఎన్ని విధాల ప్రయత్నించినా అది మళ్ళీ వెలగలేదు.

"ఎవరండీ ఈ మహానుభావుడు? డిక్షనరీ మింగేసి నీళ్ళు తాగినట్టున్నాడు!"

"తెలీదు," అన్నాడు రీసెట్.

తెలియకేం. ఆ మహానుభావుడు రీసెట్‌ని కన్న తండ్రి. టైపు నేర్పేవాడు గనక వీధంతా టైపు మాస్టారు అంటుంది. ఆయన జీవితంలో అచ్చులోనో తెర మీదో కనపడిన మాటలు అవే. గేమ్ మళ్ళీ వస్తోందని పేపర్లో చదివిన దగ్గర్నుంచీ ఆయన వీధిలో నిలబెట్టి నిలబెట్టి మరీ చెబుతున్నాడు, నా మాటలు మళ్ళీ టీవీకెక్కుతున్నాయని. పాలవాడికి చెప్పాడు. కరెంటు మీటర్ చూసేవాడికి చెప్పాడు. రాంగ్ నంబర్ వచ్చిన ఫోనుకు కూడా చెప్పాడు.

ఆ షాపులో అసలు పేర్లు నిలవవు గనక ఆమె అప్పటికే సబ్‌టైటిల్ అయిపోయింది. "ఒక్క ముక్క ఉంచను," అంది సబ్‌టైటిల్ కళ్ళు తుడుచుకుంటూ. "మొత్తం కడిగేస్తాను."

అలాంటి మనిషిని బయటికి పంపాలి. రీసెట్ మాత్రం రేపు ఇంకొంచెం మెత్తటి కుర్చీ తెచ్చి వేస్తానన్నాడు. ఎందుకన్నాడో అతనికే అర్థం కాలేదు.

*

ఆ గేమ్‌లో మాటలు ఒక్కచోట ఉండవు. ఒక మట్టం దాటితే గాని రెండో మట్టంలో మాటలు కనపడవు. మట్టం అంటే లెవెల్, అదీ మాస్టారి మాటే. కొన్ని మాటలైతే ఇద్దరూ కలిసి ఆడితేనే వస్తాయి. కాబట్టి సబ్‌టైటిల్ ఆఫీసు అయ్యాక రోజూ రావాల్సి వచ్చింది, రీసెట్ రోజూ పక్కన కూర్చోవాల్సి వచ్చింది. ఇందులో ఎవరి తప్పూ లేదు.

"నేనెందుకు రెండు? మీరెందుకు ఒకటి?" అంది రెండోరోజు.

"ఒకటో రిమోట్ నా వేళ్ళకే వింటుందండీ."

"పెంపుడు కుక్కా?"

"అంతకంటే ఎక్కువే. కుక్క అప్పుడప్పుడూ ఇంకొకళ్ళ మాట వింటుంది."

ఆమె ఆట తీరు వేరు. బొమ్మ ఎగరాలంటే తనూ కుర్చీలోంచి ఎగిరేది. ఎవడైనా కర్ర విసిరితే తల వంచేది. ఆమె వంగేది గాని బొమ్మ వంగేది కాదు. అన్నిటికంటే వింత, ఎవణ్ణైనా కొట్టినప్పుడల్లా "సారీ, సారీ అండీ" అనేది.

"వాడు దొంగండీ," అన్నాడు రీసెట్.

"అయితే? ముక్కు మీద తగిలింది."

"వాడికి ముక్కు లేదు. నాలుగు చుక్కలంతే."

"ముక్కు లేనివాణ్ణి కొట్టించారా నాచేత?"

రీసెట్‌కు నవ్వడం అలవాటు లేదు. నవ్వాల్సి వచ్చినప్పుడు స్క్రూడ్రైవర్ కింద పడేసుకుని, వెతికే మిషతో బల్ల కింద దూరేవాడు. ఆ వారం ఆ స్క్రూడ్రైవర్ పడినన్ని సార్లు ఇంకేదైనా పడుంటే నేల పగిలేది.

అలా మట్టాలు ఒక్కొక్కటే దాటి చివరిదానికి వచ్చారు. ఎత్తైన మేడ, మధ్యలో లిఫ్టు తిరిగే చీకటి బావి, పైన యజమాని. బావికి ముందు కాస్త నూనె ఒలికి ఉంటుంది. ఆ నూనె మీంచి రీసెట్ నిద్రలో కూడా దూకగలడు. జ్వరంలో దూకాడు. ఒకసారి వెనక్కి తిరిగి కూర్చుని, అద్దంలో చూస్తూ దూకాడు.

ఇప్పుడు మాత్రం జారిపడ్డాడు.

"అయ్యో," అన్నాడు.

మర్నాడూ జారాడు. ఆ మర్నాడూ జారాడు. ఆ మట్టం అయిపోతే మాటలన్నీ దొరికినట్టే. దొరికితే నాన్న మాటలు పోతాయి. ఈ కుర్చీ కూడా ఖాళీ అవుతుంది. రెండింట్లో ఏది ఎక్కువ బాధో అతను తూచుకోలేదు. జారడమే తేలికగా అనిపించింది.

"ఇంత ఆటగాడు, ఇంత నూనెకి ఇలా అయిపోవడమేంటండీ?" అంది సబ్‌టైటిల్.

"పాత నూనె కదండీ. చిక్కబడింది."

ఆమె లాప్‌టాప్ మూసి, "రేపొస్తాను," అంది.

*

రేపటికి మళ్ళీ వాన. ఆ వానలో గొడుగేసుకుని టైపు మాస్టారు షాపులోకి వచ్చాడు. తెర మీద 'బయట చూడు!' అని వెలుగుతోంది.

"ఆహా," అన్నాడు గొడుగు మూలన పెడుతూ. "ఈ మాట దగ్గర ఎంత ఆలోచించానో! బయటికి చూడు అనాలా, బయట చూడు అనాలా అని రెండు పూటలు అన్నం సయించలేదు."

సబ్‌టైటిల్ తెర వైపు చూసింది. మాస్టారి వైపు చూసింది. చివరికి రీసెట్ వైపు చూసింది. రీసెట్ స్క్రూడ్రైవర్ కోసం బల్ల కింద ఉన్నాడు. అది బల్ల పైనే ఉంది.

"మీరు రాశారా మాస్టారూ?" అంది లేచి నిలబడి.

"నేనే తల్లీ. నువ్వు టీవీ ఆఫీసు నుంచి వచ్చావట. నా మాటలు మళ్ళీ వేస్తున్నందుకు మీ వాళ్ళకి నా నమస్కారాలు చెప్పు."

ఆమె నోట్లో కూర్చున్న మాటలు వంద ఉన్నా, ఆ ముసలాయన మొహం చూశాక ఒక్కటీ బయటికి రానంది. తన మెత్తటి కుర్చీ ఆయనకు జరిపి, తను స్టూలు మీద కూర్చుంది.

"యజమానితో గొడవ అని ఎలా తట్టింది మాస్టారూ?"

"బాస్ అంటే యజమానే కదమ్మా. ఎవడైనా యజమానితో గొడవ పెట్టుకుంటాడా అని నాకూ అనుమానం వచ్చింది. తర్వాత మా యజమాని గుర్తొచ్చాడు. సరిపోయిందనిపించింది."

ఆమె ఈసారి కూడా నవ్వింది. అయితే ఈ నవ్వు వేరు, దీనికి ఏ టీవీ వెలగలేదు గాని రీసెట్ చెవులు ఎర్రబడ్డాయి.

అంతలో పై మేడ మీద నుంచి టీచరమ్మ కేక వినపడింది. "రీసెట్టూ, ఒకసారి పైకి రావా?"

"ఇప్పుడే వస్తానండీ," అని రీసెట్ మెట్లెక్కి వెళ్ళాడు.

మాస్టారు కొడుకు వెళ్ళినవైపు మురిపెంగా చూశాడు. ఒంటరిగా దొరికిన ఆడపిల్ల దగ్గర కొడుకును నాలుగు మాటలు పొగిడితే పోయేదేముందని ఆయనకు తోచింది.

"మావాడి గురించి నేను చెప్పుకోకూడదు గాని తల్లీ, ఈ వీధిలో వీడు చెయ్యివ్వని ఆడపిల్ల లేదు."

సబ్‌టైటిల్ చేతిలో రిమోట్ అలాగే ఉండిపోయింది. "ఏంటి మాస్టారూ?"

"నిజం. పిల్లా పెద్దా అని చూడడు. పెళ్ళైనవాళ్ళా కానివాళ్ళా అని చూడడు. అందరికీ చెయ్యిచ్చాడు. ఈ టీచరమ్మకైతే వారానికోసారి ఇస్తాడు."

"ఆవిడ... భర్త?"

"పాపం, ఆయనెంత సంతోషిస్తాడనుకున్నావ్! ఒక్కోసారి ఆయనే వచ్చి పిలుచుకెళ్తాడు."

"మీరేమీ అనరా?"

"అనడమేంటి, నేర్పిందే నేనైతే! వయసులో ఉన్నప్పుడు నేను మాత్రం తక్కువ చెయ్యిచ్చానా? ఇప్పుడు నడుం సహకరించట్లేదు గాని. కావాలంటే మా ఆవిణ్ణి అడుగు, ఎంత గొప్పగా చెప్పుకుంటుందో." మాస్టారు ముందుకు వంగి, భరోసాగా అన్నాడు. "నువ్వేం మొహమాటపడకు. నీకూ ఇస్తాడు. అడగడమే ఆలస్యం."

ఆమె లాప్‌టాప్ మూసింది. గొడుగు షాపులోనే తెరిచేసి, అది తలుపులో ఇరుక్కుంటే ఒక్క గుంజు గుంజి, వానలోకి వెళ్ళిపోయింది. రీసెట్ టీచరమ్మ బీరువా గోడవైపు జరిపి, చేతులు దులుపుకుంటూ దిగేసరికి కుర్చీ ఖాళీ.

"ఏమైంది నాన్నా?"

"మంచి పిల్లరా. నీ గురించి చెబుతుంటే కళ్ళార్పకుండా వింది."

సంగతేమిటంటే, ఊరందరికీ చెయ్యివ్వడం అంటే నమ్మించి వదిలేసి పోవడం. ఆ ఒక్క ఇంట్లో మాత్రం సాయం పట్టడం. గేమ్ మాటలు రాసేటప్పుడు, హెల్ప్ చెయ్యమని ఇంగ్లీషులో ఉన్న ఒక మాటకు మాస్టారు 'చెయ్యివ్వు' అని రాసుకుని, అది తెగ నచ్చి, ఇంట్లోనే వాడకం మొదలెట్టాడు. బకెట్ మోయాలన్నా చెయ్యివ్వమనేవాడు, మంచం జరపాలన్నా చెయ్యివ్వమనేవాడు. ఆయన భార్య మొదటిసారి విని ఉలిక్కిపడింది. తర్వాత ఆయన మొహంలో వెలుగు చూసి, "ఇదిగోండి, కాస్త ఈ డ్రమ్ముకి చెయ్యివ్వండి," అంది. అంతే, ఆ ఇంట్లో అర్థం మారిపోయింది.

*

సబ్‌టైటిల్ తర్వాతి రోజు రాలేదు. ఆ తర్వాతా రాలేదు. రీసెట్ ఎలా అయ్యాడంటే, ఎవరో మిషన్ తెస్తే ఆపి మళ్ళీ పెట్టి చూశారా అని అడగడం మర్చిపోయి, నేరుగా విప్పి బాగుచేసి ఇచ్చేశాడు. వీధిలోవాళ్ళు భయపడ్డారు. మేనత్త వచ్చి నుదుటి మీద చెయ్యి పెట్టి చూసి వెళ్ళింది.

ఒక సాయంత్రం ఆమె వచ్చింది. కుర్చీలో అంచున కూర్చుంది.

"రేపు ఇచ్చెయ్యాలండీ. ఈరోజు అయిపోవాలి. దయచేసి ఆ నూనెలో పడకండి. కావాలని పడుతున్నారని నాకు తెలుసు."

"ఎప్పటినుంచి?"

"మొదటిసారే తెలిసింది. పడుతూ ఆవులించారు."

రీసెట్ ఆ మాటను కాసేపు తిప్పి తిప్పి చూసుకున్నాడు. "తెలిసీ, రేపొస్తానన్నారు కదా? ఎందుకు?"

"మొదలు నొక్కండి," అంది ఆమె, తెర వైపే చూస్తూ.

అతను నొక్కాడు. ఈ రోజు ఆడితే ఇంట్లో తండ్రి మొహం ఎలా చూడాలో తెలియదు, రేపటినుంచి ఈ కుర్చీని ఎలా చూడాలో అసలే తెలియదు. అయినా అడిగింది ఆమె. మట్టం వెంట మట్టం దాటించాడు. దెబ్బలన్నీ నీలం చొక్కా మీద పడేలా ముందు నడిచాడు. నూనె మీంచి అంత ఎత్తున దూకాడు, ఇంకాస్తయితే తెర పైనుంచి షాపులో పడేవాడు.

బావి వచ్చింది. ఇద్దరాడేటప్పుడు అక్కడ రెండో ఆటగాడి కాళ్ళకింద పలక ఊడుతుంది. ఊడింది. పసుపు చొక్కా జారి, అంచు పట్టుకుని వేలాడింది. దాని తల పక్కన మాటలు వెలిగాయి.

'నాకు చెయ్యివ్వు!'

సబ్‌టైటిల్ రిమోట్ ఒళ్ళో పెట్టేసింది.

"ఇదేంటి?"

"గివ్ మీ ఎ హ్యాండ్." రీసెట్ అప్పటికే నీలం చొక్కా చేతిలో కత్తి పారేయించి, రెండు బటన్లూ కలిపి నొక్కుతున్నాడు. పసుపు చొక్కా అంగుళం అంగుళం పైకి వస్తోంది. వెనకనుంచి దొంగలంతా నీలం చొక్కా వీపు మీద దరువేస్తున్నారు.

"మీ ఇంట్లో ఈ మాట... ఇలాగే వాడతారా?"

"ఎలాగ?"

"సాయం అని."

"ఆ. మరి..." రీసెట్ ఆగాడు. "నాన్న మీతో ఏమన్నారు?"

"ఈ వీధిలో మీరు చెయ్యివ్వని ఆడపిల్ల లేదన్నారు."

రీసెట్ బటన్లు వదల్లేదు గాని కళ్ళు మూసుకున్నాడు.

"పై మేడ టీచరమ్మ?" అంది.

"బీరువా."

"వాళ్ళాయన సంతోషిస్తాడన్నారు."

"రెండోవైపు పట్టుకునేది ఆయనే."

"మాస్టారు కూడా వయసులో ఉన్నప్పుడు..."

"గ్యాస్ బండలు. మూడో అంతస్తు దాకా."

"మీ అమ్మగారు గొప్పగా చెప్పుకుంటారట."

"చెప్పుకుంటుంది. బయటివాళ్ళ దగ్గర మాత్రం చెప్పదు."

పసుపు చొక్కా గట్టెక్కింది. సబ్‌టైటిల్ మొహం రెండు చేతుల్లో దాచుకుంది. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందేమో అని రీసెట్ కంగారుగా ఆట ఆపే బటన్ నొక్కాడు. ఆమె చేతులు తీసింది. ఏడవట్లేదు.

"మూడు రోజులు అన్నం తిన్లేదు తెలుసా నేను!" అంది. "సరే, నూనెలో ఎందుకు పడ్డారో చెప్పండి."

"రెండు కారణాలండీ."

"ఒకటి?"

"నాన్న మాటలు మీరు తీసేస్తారని. ఆయన వీధంతా చెప్పుకున్నాడు."

"రెండోది?"

"రెండోది..."

"తల్లీ," అన్నారెవరో.

తలుపు దగ్గర టైపు మాస్టారు నిలబడి ఉన్నాడు. ఎంతసేపటినుంచి ఉన్నాడో, గొడుగు కింద చిన్న మడుగు కట్టింది.

"చెయ్యివ్వడం అంటే బయట ఇంకో అర్థం ఉందా?"

అబద్ధం చెప్పొచ్చు. రీసెట్ కళ్ళతో బతిమాలుతున్నాడు కూడా. కాని ఆమె కూడా మాటలు రాసుకు బతికే మనిషే. చెప్పేసింది.

మాస్టారు స్టూలు వెతుక్కుని కూర్చున్నాడు.

"వీడికి సంబంధాలు చూసినప్పుడు, వచ్చినవాళ్ళందరికీ నేను అదే చెప్పానమ్మా. ఈ వీధిలో వీడు చెయ్యివ్వని పిల్ల లేదని. ఒకాయన కాఫీ సగంలో వదిలేసి లేచిపోయాడు. చక్కెర ఎక్కువైందేమో అనుకున్నాం." కొడుకు వైపు తిరిగాడు. "మీ అమ్మకి తెలుసా?"

"తెలుసు నాన్నా."

"నీకు?"

"బడిలోనే తెలిసింది."

"మరి చెప్పలేదేంరా?"

"మన ఇంట్లో బాగానే ఉందిగా నాన్నా. ఎందుకు మార్చడం?"

మాస్టారు కళ్ళజోడు తీసి తుడిచాడు. అది శుభ్రంగానే ఉంది.

"అన్నీ ఇలాగే ఉన్నాయా తల్లీ?"

"చాలా ఉన్నాయి మాస్టారూ."

"నవ్వావా?"

"నవ్వాను. కుర్చీలోంచి జారిపడి నవ్వాను." ఆమె స్టూలు దగ్గరికి వెళ్ళి నిలబడింది. "ఒకటి అడుగుతాను. రాసేటప్పుడు మీకు గేమ్ చూపించారా?"

"లేదమ్మా. కాగితం మీద మాటలిచ్చారు. ఎవరు ఎవరితో అంటున్నారో, ఎందుకంటున్నారో ఏం చెప్పలేదు."

"నాకూ కాగితమే ఇచ్చారు. చూడకుండా రాయనని మా యజమానితో గొడవపడి ఇక్కడికొచ్చాను. మీకూ చూపించి ఉంటే నాకిక్కడ పని ఉండేది కాదు."

మాస్టారు తలూపాడు. ఆ మాట ఆయనకు ఎక్కడో తగిలి, అక్కడే కాసేపు కూర్చుంది. "సరేనమ్మా. తీసెయ్యి. అన్నీ తీసెయ్యి. వీధిలో నేనే చెప్పుకుంటాను. పాలవాడికి ముందు చెబుతాను, వాడు మిగతావాళ్ళకి చెబుతాడు."

"ఇంకా చివరి మాట మిగిలుంది మాస్టారూ. అది చూడకుండా ఏదీ తియ్యను." ఆమె వచ్చి రిమోట్ అందుకుంది. "ఇద్దరాడితే వచ్చే చివరి మాటేంటో మీకు తెలుసా?" అని రీసెట్‌ను అడిగింది.

"తెలీదండీ. ఒక్కణ్ణే ఆడి గెలిచేవాణ్ణి. పక్కన కూర్చున్నవాళ్ళెవరూ ఈ బావి దాటలేదు."

"మీకు గుర్తుందా మాస్టారూ?"

"ఏమోనమ్మా. చాలా కాలమైంది."

'యజమానితో గొడవ' మొదలైంది.

నీలం చొక్కాకు బావి దగ్గర తిన్న దెబ్బలతో ప్రాణం దారప్పోగంత మిగిలింది. యజమాని తెరకు సగం ఉన్నాడు. తాగునీటి ట్యాంకులు ఊడబెరికి విసురుతున్నాడు. రీసెట్ తప్పించుకోవడమే గాని దగ్గరికి పోలేకపోతున్నాడు. సబ్‌టైటిల్ కుర్చీలోంచి లేచింది. కుడికి వంగింది, ఎడమకు వంగింది. ఆ సాయంత్రం, చూసినవాళ్ళు ఇద్దరే గనక ఎవరూ నమ్మరు గాని, ఆమె వంగిన వైపల్లా బొమ్మ కూడా వంగింది. ట్యాంకుల మధ్యనుంచి దూరి, యజమాని ఎదురుగా నిలబడి, "సారీ సార్," అని ఒక్కటి వేసింది. ఆయన మేడ మీంచి వెనక్కి పడ్డాడు. ఆ పడటంలో షాపు షట్టరు కాస్త అదిరిందని పక్క బట్టల షాపాయన ఇప్పటికీ చెబుతాడు.

తెర నల్లబడింది. నీలం చొక్కా, పసుపు చొక్కా మేడ అంచున పక్కపక్కనే కూర్చున్నాయి. కింద ఒక్కొక్క అక్షరమే వచ్చింది. చదివే అలవాటు కొద్దీ మాస్టారు పైకే చదివాడు.

"ఎట్టకేలకు మీరిద్దరూ ఒకటయ్యారు. మంచి పని చేశారు."

వాన కూడా కాస్త తగ్గి విన్నది.

"టుగెదర్ ఎట్ లాస్ట్ అని ఉండేదమ్మా," అన్నాడు మాస్టారు సంజాయిషీగా. "ఇప్పుడు గుర్తొచ్చింది. కిందేమో వెల్ డన్ అని. ఇద్దరు ఎవరో, ఎందుకు కలిశారో నాకెవరు చెప్పారు? నాకు తోచింది రాశాను."

సబ్‌టైటిల్ ఆయన వైపు కాదు, రీసెట్ వైపు చూసింది. "రెండో కారణం చెప్తానన్నారు. చెప్పలేదు."

రీసెట్ స్క్రూడ్రైవర్ కోసం చూశాడు. పడెయ్యడానికి చేతికి ఏదీ అందలేదు. వేలెత్తి తెర చూపించాడు.

"నాన్న రాసేశాడుగా," అన్నాడు. "గెలిస్తే నువ్వు మళ్ళీ రావని. అందుకే పడ్డాను."

అతని నోట 'నువ్వు' రావడం అదే మొదలు. అతనికే తెలియలేదు. ఆమెకు తెలిసింది.

"రమ్మని అడిగితే సరిపోయేదిగా. అంత నూనెలో దొర్లడమెందుకు?"

"అడిగితే వస్తావా?"

ఆమె ఒళ్ళో లాప్‌టాప్ తెరిచి, చివరి వరసలో ఆ మాటలు ఉన్నవి ఉన్నట్టు కొట్టింది. పక్కన కొత్త మాట రాయాల్సిన గడిలోనూ అవే మళ్ళీ కొట్టింది. మాస్టారు కళ్ళజోడు సర్దుకుని, మెడ చాపి చూశాడు.

"అదేంటి తల్లీ, అలాగే ఉంచావు? అందులో తప్పు లేదా?"

"ఇందులో ఒక్క తప్పు కూడా లేదు మావయ్యగారూ."

మాస్టారు స్టూలు మీంచి లేచాడు. జీవితమంతా మాటలు తూచిన మనిషి. కొడుకు దగ్గరికి జరిగి, అందరికీ వినపడే గుసగుసతో అడిగాడు.

"ఇందాకటిదాకా మాస్టారూ అంది కదరా?"

"అంది నాన్నా."

"ఇప్పుడు మావయ్యగారూ అంది."

"విన్నాను నాన్నా."

మాస్టారికి ఇంక దేని మీదా నమ్మకం లేదు. ఆ అమ్మాయి వైపే తిరిగాడు.

"తల్లీ, ముందే అడిగేస్తున్నాను, ఏమీ అనుకోకు. ఈ మాటకి బయట వేరే అర్థం ఏమైనా ఉందా?"

"లేదండీ," అంది సబ్‌టైటిల్. "దీనికి ఇంట్లోనూ బయటా ఒకటే అర్థం."